హద్దున్న బడి, హద్దు లేని బడి

అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో హైస్కూల్ క్రీడా సంఘం 1903లో పుట్టింది. పుట్టిన నాటి నుంచి 1942 దాకా, అంటే దాదాపు నలభై ఏళ్లు, అది రెండు రకాల బళ్లను గడప తొక్కనివ్వలేదు. ఒకటి క్యాథలిక్ చర్చిలు నడిపే ప్రైవేటు బళ్లు, రెండు నల్లజాతి పిల్లల బళ్లు. క్యాథలిక్ బడి ప్రభుత్వానిది కాదు కాబట్టి చేర్చుకోలేదంటే కొంత అర్థం చేసుకోవచ్చు. కానీ ఇండియానాపొలిస్‌లోని క్రిస్పస్ ఆటక్స్ హైస్కూల్ అచ్చంగా ప్రభుత్వ బడి. 1927లో నగర విద్యా బోర్డే దాన్ని తెరిచింది, ఊళ్లో హైస్కూలుకొచ్చిన నల్లజాతి పిల్లలందరినీ అక్కడికే పంపింది. సంఘం చెప్పిన సాకు ఏమిటంటే, ఆ బడిలో అందరూ చేరడానికి లేదు కాబట్టి అది పబ్లిక్ బడి కిందికి రాదని. తెల్లపిల్లలు అందులోకి రాకుండా, నల్లపిల్లలు వేరే బడికి పోకుండా గీత గీసింది ఎవరో సంఘానికి తెలియని సంగతి కాదు. ఎవరో గీసిన గీతకు శిక్ష మాత్రం ఆ గీత లోపల ఉన్న పిల్లలకు పడింది. గడప బయట నిలబెట్టిన వాళ్లు ఒకరితో ఒకరు ఆడుకున్నారు. ఆటక్స్ కుర్రాళ్లు క్యాథలిక్ బళ్లతో ఆడేవాళ్లు, అవి చాలక పక్క రాష్ట్రాలకు ప్రయాణం కట్టేవాళ్లు.

ఈ పాత సంగతిని ముందు చెప్పడానికి కారణం ఉంది. ప్రభుత్వ బళ్లు, ప్రైవేటు బళ్లు ఒకే కప్పు కోసం ఆడటం న్యాయమేనా అన్న తగవు అమెరికాలో దశాబ్దాలుగా నలుగుతోంది. (మన దగ్గర పేరులో పబ్లిక్ స్కూల్ అని ఉన్నవి ఎక్కువగా ఫీజులు కట్టే బళ్లు. అక్కడ పబ్లిక్ స్కూల్ అంటే నూటికి నూరుపాళ్లూ ప్రభుత్వ బడి.) ఆ తగవును ఇన్నాళ్లూ యాజమాన్యాల తగవుగా చూస్తూ వచ్చారు. నా ఉద్దేశంలో అది హద్దుల తగవు. మామూలు ప్రభుత్వ బడికి ఒక హద్దు ఉంటుంది, ఫలానా రోడ్డు నుంచి ఫలానా వాగు దాకా అని. ఆ లోపల ఇల్లున్న పిల్లలే అక్కడ చదవాలి. ఆ ఏడు ఆ వీధుల్లో పొడుగరులు ఎదిగివస్తే బాస్కెట్‌బాల్ జట్టు బాగుంటుంది, లేకపోతే ఉన్నవాళ్లతోనే సర్దుకోవాలి. ప్రైవేటు బడికి ఈ హద్దు లేదు. నాలుగు పట్నాల అవతలి నుంచి వచ్చిన పిల్లాడినైనా చేర్చుకోవచ్చు, ఇష్టం లేకపోతే పక్కింటి పిల్లాడినైనా కాదనవచ్చు. ఎవరు రావచ్చు, ఎవరిని కాదనవచ్చు అన్న ఈ తేడా ఆట మొదలవక ముందే సగం ఫలితాన్ని రాసేస్తుంది. ఫీజు పుస్తకం మీద ఎవరి ముద్ర ఉందన్నది దాని తర్వాతి మాట.

మొదట్లో ఈ తగవే లేదు, ఎందుకంటే ఎవరి ఆట వారిదే. ఐర్లండ్, పోలండ్, ఇటలీల నుంచి వలస వచ్చిన క్యాథలిక్కులు తమ పిల్లల కోసం చర్చి పక్కనే బళ్లు కట్టుకున్నారు. ఆ బళ్ల మీద అప్పట్లో అనుమానం ఎంతగా ఉండేదంటే, పిల్లలంతా ప్రభుత్వ బడికే పోవాలని ఒరెగాన్ రాష్ట్రం 1922లో చట్టమే చేసింది. 1925లో సుప్రీం కోర్టు దాన్ని కొట్టేశాకే ప్రైవేటు బడి ఉనికికి భరోసా దొరికింది. షికాగోలో క్యాథలిక్ లీగ్ 1912 నుంచే విడిగా నడుస్తోంది. ఏడాదంతా దూరంగా ఉండే ఈ రెండు లోకాలు ఒక్క రోజు ఎదురుపడితే ఎలా ఉంటుందో 1937 నవంబర్ 27న సోల్జర్ ఫీల్డ్ స్టేడియం చూసింది. ప్రభుత్వ బళ్ల విజేత ఆస్టిన్ హైస్కూల్, క్యాథలిక్ బళ్ల విజేత లియో హైస్కూల్ తలపడ్డాయి. బిల్ డీకోరెవాంట్ అనే ఆస్టిన్ కుర్రాడి పేరు అప్పటికే నగరమంతా మారుమోగుతోంది. ఆట చూడటానికి వచ్చినవాళ్లు లక్షా ఇరవై వేల మంది ఉంటారని అంచనా వేశారు. ఆస్టిన్ 26-0తో గెలిచింది. హైస్కూల్ పిల్లల ఆటకు అంత జనం రావడానికి కారణం ఒక్క ఆటగాడి పేరే కాదు. వీధికి అటు చర్చి బడి, ఇటు సర్కారు బడి, మధ్యలో మతం, వలస, పేట, ఓట్లు. ఆ లెక్కలన్నీ మైదానంలోకి దిగాయి. విడిగా ఉన్నంతకాలం రెండు వైపులవాళ్లూ ఆ ఒక్క రోజు ఆటను పండగలాగే చూసుకున్నారు. న్యాయం మాట ఒకే టోర్నమెంటులో చేరాక వచ్చింది.

దక్షిణాది రాష్ట్రాల కథ వేరు, అది అంత వేడుకగా చెప్పుకునేది కాదు. టెక్సాస్‌లో నల్లజాతి బళ్లకు ప్రెయిరీ వ్యూ లీగ్ పేరుతో ఒక ప్రత్యేక సంఘం 1920 నుంచి 1970 దాకా నడిచింది. నల్ల, తెల్ల పిల్లలను బళ్లలో వేరు చేయడం చెల్లదని 1954లో సుప్రీం కోర్టు తీర్పు ఇచ్చాక, ఆ తీర్పును తప్పించుకోవడానికి దక్షిణాదిలో తెల్లవాళ్లు కొత్త ప్రైవేటు బళ్లు వందలుగా తెరిచారు. మిసిసిపీలో 1968లో ప్రైవేటు బళ్ల సంఘమే ఏర్పడింది. కాబట్టి ఫలానా రాష్ట్రంలో ప్రైవేటు బళ్లు విడిగా ఆడుతున్నాయంటే అది న్యాయం కోసం చేసిన ఏర్పాటని వెంటనే నమ్మకూడదు. ఆ గీత గీసినప్పుడు గీసినవాళ్ల మనసులో ఆట ఉందా, ఇంకేదైనా ఉందా అని అడగాలి. ఇండియానాలో క్యాథలిక్ పిల్లాడినీ, నల్లపిల్లాడినీ ఒకే గడప బయట నిలబెట్టినప్పుడు కూడా అడగాల్సింది ఇదే.

ఆ ఇండియానాలోనే, తలుపు తెరిచాక, అమెరికా ఎక్కువగా చెప్పుకునే కథ జరిగింది. 1954 మార్చి 20న బట్లర్ ఫీల్డ్‌హౌస్‌లో మైలన్ అనే చిన్న ఊరి బడి రాష్ట్ర బాస్కెట్‌బాల్ ఫైనల్ ఆడింది. బడిలో ఉన్నది 161 మంది. ఎదుట మన్సీ సెంట్రల్, దానికంటే ఎన్నో రెట్లు పెద్ద బడి. నాలుగో క్వార్టర్‌లో బాబీ ప్లంప్ బంతిని చేతిలో పట్టుకుని, డ్రిబుల్ చేయకుండా, పాస్ చేయకుండా నాలుగు నిమిషాలకు పైగా అలాగే నిలబడ్డాడు. ఊపిరి బిగబట్టిన ఆ నిలబడటం తర్వాత చివరి క్షణాల్లో అతను వేసిన బుట్టతో మైలన్ 32-30తో గెలిచింది. ఆ దారిలో మైలన్ ఓడించిన జట్లలో ఆటక్స్ కూడా ఉంది. మరుసటి ఏడే, 1955లో, ఆస్కార్ రాబర్ట్‌సన్ ఆడిన ఆటక్స్ జట్టు గ్యారీ రూజ్‌వెల్ట్‌ను 97-74తో ఓడించి కప్పు తీసుకుంది. సరైన వ్యాయామశాల లేక సొంత మ్యాచ్‌లు కూడా బయటి కోర్టుల్లో ఆడుకున్న బడి అది. గెలిచినవాళ్లను ఫైరింజన్ ఎక్కించి నగరం నడిబొడ్డున మాన్యుమెంట్ సర్కిల్‌లో ఊరేగించి అక్కడే పండగ చేయడం ఆనవాయితీ. ఆటక్స్ కుర్రాళ్లను మాత్రం ఆ సర్కిల్ చుట్టూ ఒక్క చుట్టు తిప్పి, నల్లవాళ్లుండే పేటలోని పార్కుకు తీసుకుపోయారు. రాబర్ట్‌సన్ ఆ సంగతిని జీవితాంతం మరచిపోలేదు. అదే కోర్టు, అదే కప్పు. గడప దాటి లోపలికి వచ్చాక కూడా పిల్లలందరికీ ఒకే మర్యాద దక్కలేదు.

మైలన్ కథ అంతగా నిలిచిపోవడానికి కారణం అలాంటిది మళ్లీ మళ్లీ జరగకపోవడమే. చాలా రాష్ట్రాలు అప్పటికే బళ్లను పిల్లల సంఖ్యను బట్టి తరగతులుగా విడదీశాయి. ఇల్లినాయిస్ 1972లో బాస్కెట్‌బాల్‌ను రెండు తరగతులు చేసింది. ఇండియానా 1997-98 సీజన్ నుంచి నాలుగు చేసింది. ఈ తలల లెక్క వెనక ఉన్న ఊహ తేలికైనది. వెయ్యి మంది ఉన్న బడికి ఐదుగురు మంచి ఆటగాళ్లు దొరకడం, నూట అరవై మంది ఉన్న బడికి దొరకడం కన్నా సులువు. రెండు బళ్లకూ హద్దు ఉన్నప్పుడు ఈ ఊహ నిలుస్తుంది. హద్దు లేని బడికి అది పనికిరాదు. ఆ బడిలో చేరిన పిల్లల సంఖ్య వేరు, అది పిలవగల పిల్లల సంఖ్య వేరు. ఆరువందల మంది చదివే క్యాథలిక్ బడి వెనక లక్షల జనాభా ఉన్న నగరమంతా ఉండొచ్చు. తరగతులు పెట్టాక చిన్న తరగతుల కప్పులు పెద్ద ఊళ్లలోని చిన్న ప్రైవేటు బళ్ల అల్మారాల్లో చేరడం మొదలైంది. ఇండియానాపొలిస్‌లోని బిషప్ చాటర్డ్ బడి ఫుట్‌బాల్‌లో పదికి పైగా రాష్ట్ర టైటిళ్లు గెలిచింది. మైలన్ లాంటి ఊరికి దారి వేద్దామని పెట్టిన తరగతులు ఆ ఊరికి మరో గోడయ్యాయి. నా దృష్టిలో ఈ మొత్తం చరిత్రలో కీలకమైన పొరపాటు ఇదే, దీన్ని ఎవరూ దురుద్దేశంతో చేయలేదు.

దీనికి కనిపెట్టిన మందు పేరు మల్టిప్లయర్. అలబామా 1999లో ప్రైవేటు బడి పిల్లల సంఖ్యను 1.35తో హెచ్చవేసింది. ఇల్లినాయిస్ 2005లో 1.65 పెట్టింది. ఆరువందల మంది ఉన్న బడిని 990 మంది ఉన్నట్టు లెక్కగట్టి పై తరగతికి పంపుతారు. ఇల్లినాయిస్ నిబంధనలో ఒక మాట నాకు బాగా నచ్చింది. వాళ్లు దాన్ని ప్రైవేటు బళ్ల మీద పెట్టలేదు, హద్దు లేని బళ్ల మీద పెట్టారు. నగరమంతటి నుంచీ పిల్లల్ని ఎంచుకునే ప్రత్యేక ప్రభుత్వ బళ్లు కూడా ఆ లెక్కలోకి వచ్చాయి. రోగం పేరును సరిగా రాసిన చీటీ అది. మందు మోతాదు మాత్రం అందరికీ ఒకటే అయితే చిక్కు. పిల్లలు తగ్గిపోయి మూతపడే స్థితిలో ఉన్న బడినీ, దేశమంతా పేరున్న ఫుట్‌బాల్ బడినీ ఒకే అంకెతో హెచ్చవేయడం న్యాయం కాదు. ఏ అంకె పెట్టినా ఒకరికి తక్కువ, ఇంకొకరికి ఎక్కువ అవుతుంది.

టెనెసీ ఇంకో దారి పట్టింది. 1997లో బళ్లను రెండు డివిజన్లు చేసి, ఆటగాళ్లకు ఫీజు సాయం చేసే ప్రైవేటు బళ్లను రెండో డివిజన్‌కు పంపింది. మొదటి డివిజన్‌లో ప్రభుత్వ బళ్లతో ఉండాలనుకునే ప్రైవేటు బడి తన ఆటగాళ్లకు ఫీజు సాయం చేయకూడదన్నది నియమం, పైగా దాని మీద 1.8 మల్టిప్లయర్ కూడా పెట్టారు. అదే ఏడు బ్రెంట్‌వుడ్ అకాడమీ ఫుట్‌బాల్ కోచ్, తమ బడిలో చేరడానికి ఒప్పందం చేసుకున్న ఎనిమిదో తరగతి కుర్రాళ్లకు వేసవికి ముందు జరిగే ప్రాక్టీసుకు రమ్మని ఉత్తరం రాసి, కింద మీ కోచ్ అని సంతకం పెట్టాడు. ఇంకా చేరని పిల్లలకు రాసిన ఉత్తరం కాబట్టి అది ఆటగాళ్లకు వల వేయడమేనని సంఘం తేల్చింది. 3,000 డాలర్ల జరిమానా, నాలుగేళ్ల ప్రొబేషన్, రెండేళ్లు ఫుట్‌బాల్, బాలుర బాస్కెట్‌బాల్ ప్లేఆఫ్‌ల నుంచి నిషేధం విధించింది. బడి కోర్టుకెక్కింది. 2001లో సుప్రీం కోర్టు 5-4తో, సభ్యత్వంలో 84 శాతం ప్రభుత్వ బళ్లే ఉన్న ఈ సంఘం ప్రభుత్వంతో సమానమేనని, కాబట్టి రాజ్యాంగానికి కట్టుబడాల్సిందేనని చెప్పింది. 2007లో అదే కోర్టు, పిల్లల్ని ఆట కోసం లాగకూడదన్న నిబంధన వాక్ స్వాతంత్ర్యానికి భంగం కాదని బడికి వ్యతిరేకంగా తీర్పిచ్చింది. ఒక ఉత్తరం రెండుసార్లు దేశపు అత్యున్నత న్యాయస్థానం మెట్లెక్కడం అతిశయంగా తోచవచ్చు. పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లాడికి పెద్దమనిషి దగ్గర్నుంచి అలాంటి ఉత్తరం వస్తే వాడి ఇంట్లో ఏం జరుగుతుందో ఆలోచిస్తే అతిశయం అనిపించదు. ఉత్తరాన్ని ఆపడం సబబే. ఫీజు సాయాన్ని తప్పుగా లెక్కించడం మాత్రం నాకు మింగుడుపడదు. పేద పిల్లాడికి సాయం చేస్తే వేరే డివిజన్‌కు పో, చేయకపోతే మాతోనే ఉండు అనే నియమం ప్రైవేటు బడిని డబ్బున్నవాళ్ల బడిగా ఉండిపొమ్మని చెప్పడమే.

ప్రైవేటు బడి అంటే ధనవంతుల బడి అనుకునేవాళ్లకు న్యూజెర్సీలోని జెర్సీ సిటీ జవాబు చెబుతుంది. అక్కడి సెయింట్ ఆంథనీ హైస్కూల్ పేద పేట మధ్యలోని చిన్న క్యాథలిక్ బడి. దానికి సొంత వ్యాయామశాల కూడా ఉండేది కాదు. కోచ్ బాబ్ హర్లీ వృత్తిరీత్యా ప్రొబేషన్ ఆఫీసర్. తప్పుదారి పట్టిన కుర్రాళ్ల మీద కోర్టు పెట్టిన నిఘా చూసే ఉద్యోగం ఆయనది. ఆయన చేతుల మీద ఆ బడి 28 రాష్ట్ర టైటిళ్లు గెలిచింది. చివరికి డబ్బు లేకే 2017లో మూతపడింది. న్యూజెర్సీలో ప్రైవేటు బళ్లకు ప్రత్యేక విభాగం ఉంది. ఇలాంటి బడిని కోటీశ్వరుల అకాడమీలతో ఒకే గాటన కట్టడం ఎలా కుదురుతుందని అడిగేవాళ్ల మాటలో బలం ఉంది. అయినా హద్దు మాట అక్కడా తప్పదు. పేదదైనా సరే, నైపుణ్యం ఉన్న కుర్రాడు ఎక్కడి నుంచైనా ఆ బడికి రాగలిగాడు. పక్కనున్న ప్రభుత్వ బడి అతన్ని పిలవలేకపోయింది. గెలుపంతా మంచి కోచ్‌ది, క్రమశిక్షణది అనే వాదన కూడా ఉంది. కాలిఫోర్నియాలో డి లా సాల్ బడి 1992 నుంచి 2004 దాకా వరుసగా 151 ఫుట్‌బాల్ మ్యాచ్‌లు గెలిచినప్పుడు కోచ్ బాబ్ లాడసర్ పేరే అందరూ చెప్పారు. ఆయన గొప్పతనాన్ని నేను కాదనను. కానీ గొప్ప కోచ్ పేరు విని పది ఊళ్ల పిల్లలు వచ్చేది హద్దు లేని బడికే. అంతే గొప్ప కోచ్ హద్దున్న బడిలో ఉంటే ఆ పేరు విన్న పిల్లాడు రావాలంటే తల్లిదండ్రులు ఇల్లు మారాలి.

ఇక్కడే రెండో వైపు నుంచి గట్టి అభ్యంతరం వస్తుంది. ఇల్లు మారడం మాత్రం ఉచితమా? ప్రభుత్వ బడి హద్దు కూడా డబ్బుతో కొనుక్కునేదే. టెక్సాస్‌లోని ఫ్రిస్కోలోనో, న్యూజెర్సీలోని ఎడిసన్‌లోనో ఇల్లు వెతికిన తెలుగు కుటుంబాలకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. గదులెన్ని అని అడిగే ముందే స్కూల్ డిస్ట్రిక్ట్ ఏది అని అడుగుతారు. మంచి బడి హద్దులోపలి ఇంటికీ, రోడ్డుకు ఇవతలి ఇంటికీ మధ్య ధర తేడాను ఫీజు అనకపోయినా అది ఫీజే. టెక్సాస్‌లోనే ఆలెన్ అనే ప్రభుత్వ బడి జిల్లా 2012లో దాదాపు 6 కోట్ల డాలర్లతో, 18 వేల సీట్లతో ఫుట్‌బాల్ స్టేడియం కట్టింది. అది హైస్కూల్ పిల్లలది. ఇలాంటి బడిని పేదరికపు పక్షాన నిలబెట్టి సెయింట్ ఆంథనీని ధనిక పక్షాన నిలబెట్టే వర్గీకరణ తలకిందులుగా ఉన్నట్టే. ఈ అభ్యంతరాన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటాను. హద్దును కొలవాలంటే దాని లోపల ఎవరు బతుకుతున్నారో కూడా కొలవాలన్నదే దాన్నుంచి నేను తీసుకునే మాట.

అసలు పూర్తిగా విడిపోతే గొడవ ఉండదు కదా అంటారు. వర్జీనియా, మేరీలాండ్ అదే చేశాయి. టెక్సాస్ కూడా దాదాపు అంతే, 2003 ప్రాంతంలో రెండు జెసూట్ (క్యాథలిక్) బళ్లను మాత్రం లోపలికి తీసుకుంది. పెన్సిల్వేనియాలో 1972లో చట్టం చేసి ప్రైవేటు బళ్లకు దారి తెరిచారు. విస్కాన్సిన్‌లో 2000లో రెండు సంఘాలు కలిశాయి. ఇప్పుడు ఆ తలుపులు మళ్లీ మూయమని అడిగేవాళ్లు ఉన్నారు. విడిపోతే పట్టిక శుభ్రంగా ఉంటుంది, నిజమే. ఒకే వీధిలో పెరిగిన ఇద్దరు పిల్లలు ఎప్పుడూ ఎదురెదురుగా ఆడరు. దాని కింద ఎలాంటి జ్ఞాపకాలున్నాయో ఇండియానా, మిసిసిపీ చూపాయి కాబట్టి నేను ఆ దారికి ఒప్పుకోలేను. మన తెలుగు రాష్ట్రాల పద్ధతి ఈ చిక్కును వేరే రకంగా తప్పించుకుంది. మండలం, జిల్లా, రాష్ట్రం అంటూ పిల్లల్ని విడివిడిగా ఎంపిక చేసి, జాతీయ స్కూల్ క్రీడలకు రాష్ట్ర జట్టును పంపుతారు. బడి పేరు వెనక్కి పోతుంది. మన బాధ ఇంకొకటి. అపార్ట్‌మెంట్ల లాంటి భవనాల్లో నడిచే బళ్లలో లక్షల మంది పిల్లలకు ఆడుకోవడానికి నేలే లేదు.

అమెరికాలో మంచి దారులు చూపింది కొత్త లెక్కలే. ఇండియానా 2012లో తెచ్చిన నియమం ప్రకారం రెండేళ్లలో టోర్నమెంటులో బాగా ముందుకెళ్లిన జట్టు, ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా, పై తరగతికి ఎక్కాలి. అది గెలిచిన పిల్లల ఫలితాన్ని వాళ్ల తర్వాతి పిల్లల నెత్తిన పెడుతుందన్న విమర్శ సరైనదే. ఒహాయో ఇంకా దగ్గరగా చూసింది. అక్కడ సభ్య బళ్లు 2011, 2012, 2013లో మూడుసార్లు ప్రతిపాదనల్ని తిరస్కరించి, 2014లో నాలుగోసారి ఒప్పుకున్నాయి. 2017 నుంచి అమల్లోకి వచ్చింది. బడి మొత్తాన్ని హెచ్చవేయకుండా, ఆ జట్టు జాబితాలో ఉన్న ఒక్కొక్క పిల్లాడూ ఎక్కడి నుంచి వచ్చాడని చూస్తారు. ప్రభుత్వ బడిలో హద్దు బయటి పిల్లాడున్నా లెక్కకొస్తాడు. దొంగ చిరునామాలు పెడతారు, కాగితాల పని పెరుగుతుంది అనేవాళ్లున్నారు. చిరునామా దొంగతనం ఈ నియమంతో పుట్టింది కాదు, హద్దు ఉన్న రోజు నుంచీ ఉంది. కాగితాల పని నిజంగానే భారం. అయినా ఒక కోచ్ తన జాబితాలోని కుర్రాడు ఏ ఊరివాడో రాయడం, వాడి బడి మొత్తాన్ని 1.65తో హెచ్చవేయడం కన్నా నాకు నిజాయితీగా కనిపిస్తుంది.

హద్దు లోపలి పేదరికాన్ని కొలిచే పని మిన్నెసోటా చేసింది. అక్కడ బడి క్యాంటీన్‌లో ఉచితంగానో తగ్గింపు ధరకో భోజనం చేసే అర్హత ఉన్న పిల్లల్ని లెక్కించి, వాళ్లలో 40 శాతాన్ని బడి మొత్తం సంఖ్య నుంచి తీసేస్తారు. ప్రతి పూటా భోజనానికి వెతుక్కునే ఇంట్లో పిల్లాడికి వేసవి శిక్షణ శిబిరం, బూట్లు, ఆటకు తీసుకుపోయే కారు ఉండవన్న గుర్తింపు అది. వెయ్యి మంది ఉన్న బడిలో ఐదువందల మంది ఆ అర్హత ఉన్నవాళ్లయితే, ఆ బడి ఎనిమిది వందల మందిదిగా లెక్కకొచ్చి తనకు తగిన తరగతిలో ఆడుతుంది. ఆ లెక్కలో బడి యజమాని ఎవరన్న గడి లేదు.